కచ్చ లేని పంచె

ఆ వైశాఖమంతా మా ఇంట్లో పెళ్ళిళ్ళ ఊసు లేదు, పంచెల గొడవే. మామూలుగా వైశాఖం వచ్చిందంటే మా ఆయన నాకు దొరకరు. ఇవాళ రాజాం, రేపు చీపురుపల్లి, ఎల్లుండి ఇంకెక్కడో. ఇంటికి వచ్చేది విడిచిన పంచెలు నా మొహాన పడేసి, ఉతికి ఆరేసినవి పట్టుకుపోవడానికే. ఆ ఏడు మాత్రం హాల్లో ఫ్యాను కింద మంచం మీద పడుకుని ఉన్నారు, అంత ఎండల్లోనూ నడుం దాకా దుప్పటి కప్పుకుని.

దుప్పటి కింద ఒక గొట్టం ఉంది. గొట్టం చివర ఒక సంచీ ఉంది. చైత్రం ఆఖర్లో ఒకరోజు మూత్రం బిగిసిపోయి, పొట్ట పట్టుకుని గోడకి ఆనుకుపోతే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషన్ చెయ్యాలన్నారు. చెయ్యాలంటే గుండె తట్టుకోవాలన్నారు. గుండె తట్టుకునేలా లేదు కాబట్టి అప్పటిదాకా ఈ గొట్టంతోనే గడపాలన్నారు. "ఎన్నాళ్ళండీ?" అని అడిగితే డాక్టరు మా అమ్మాయి విశాలి వైపు చూసి, "చూద్దాం" అన్నాడు. పెద్దవాళ్ళు అడిగితే పిల్లలకి జవాబు చెప్పడం వీళ్ళకి ఎవరు నేర్పారో తెలియదు.

పంపించే ముందు నర్సు అన్నీ వివరంగా చెప్పింది. సంచీ ఎప్పుడూ నడుం కంటే కిందికి ఉండాలి. గొట్టం మడతపడకూడదు. దాని మీద బిగుతుగా ఏదీ ఉండకూడదు. బయటికి వెళ్ళేటప్పుడు పిక్కకి పట్టీలతో కట్టుకునే చిన్న సంచీ ఒకటి ఉంటుంది, అది వాడుకోవాలి. "నీళ్ళు మాత్రం బాగా తాగండి తాతగారూ" అంది. ఆయన తల ఊపారు. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నీళ్ళు తాగడం మానేశారు. తాగితే సంచీ నిండుతుంది, నిండితే నేను వచ్చి వంచాలి, నేను వంచుతుంటే ఆయన గోడవైపు తిరగాలి. ఇదీ ఆయన లెక్క.

మా ఆయన పేరు అనంతపద్మనాభం. విజయనగరంలో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, కోట దగ్గర పెళ్ళిళ్ళ పంతులుగారంటే ఆటోవాళ్ళకి కూడా తెలుసు. మనిషి పొడుగు, గొంతు పెద్దది. మైకు పెడితే పక్కకి నెట్టేసేవారు. పంచె కట్టులో ఆయనకి ఆయనే సాటి అనుకునేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు గానీ నిజమే. బుజాన ఉత్తరీయం, ముందు కుచ్చిళ్ళు, వెనక బిగించి దోపిన కచ్చ. ఆ కచ్చ సరిగ్గా కుదిరేదాకా పెళ్ళివాళ్ళ కారు వీధిలో ఎంత హారను కొట్టినా కదిలేవారు కాదు.

అలాంటి మనిషికి విశాలి ట్రాక్ ప్యాంటు తెచ్చింది. అది ఇక్కడే ఒక కాలేజీలో లెక్చరరు, స్కూటరు మీద వచ్చి పోతుంటుంది. నీలం రంగు ప్యాంటు, వదులుగా, పక్కన కాలి పొడుగునా జిప్పు.

"జిప్పు తీస్తే సంచీ వంచుకోవచ్చు నాన్నా. మొత్తం విప్పక్కర్లేదు. బయటికి ఏమీ కనబడదు" అంది.

"నేను కనబడతాను కదే అందులో" అన్నారాయన.

ఆరోజు సాయంత్రం దాని పోరు పడలేక తొడుక్కున్నారు. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉన్నట్టుంది. నడిచారు, వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఇంతలో పక్కింటి భారతి గిన్నెలో మావిడికాయ పప్పు పట్టుకుని వచ్చింది. అంతే, చెంగున లోపలికి వచ్చి దుప్పటి కప్పేసుకున్నారు. అంత వేగంగా ఆయన కదలడం ఆస్పత్రి నుంచి వచ్చాక అదే చూడడం. మర్నాడు ఆ ప్యాంటు అటక మీదకి ఎక్కింది.

అయితే లుంగీ అన్నాను. లుంగీ కట్టుకుని మంత్రం చెప్పమంటావా అన్నారు. ఇప్పుడు మంత్రం ఎవరు చెప్పమన్నారు, మంచం మీంచి లేవండి చాలు అన్నాను. ఆయన దుప్పటి మెడ దాకా లాక్కున్నారు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అని కూడా అనుకోలేదు, అంత విసుగ్గా ఉండేది ఆ రోజుల్లో. పొద్దున్న లేస్తే సంచీ, పడుకోబోయే ముందు సంచీ. మధ్యలో వంట.

చిక్కేమిటంటే తెల్ల పంచె దాచదు. పలచటి నూలు పంచె కింద పిక్కకి సంచీ కట్టుకుంటే వాపొచ్చిన కాలులా కనబడుతుంది. ఎండలో నిలబడితే పసుపు రంగు కూడా తెలుస్తుంది. అందుకని రంగు పంచెలు చూద్దామని మార్కెట్టుకి వెళ్ళాను. నల్లవి తియ్యమంటే కొట్టువాడు, "ఎండాకాలంలో అయ్యప్ప మాలేటమ్మా?" అన్నాడు. ఎర్రవి తీస్తే, "భవానీ మాలకా?" అన్నాడు. కాషాయం మీద చెయ్యి వేసేసరికి వాడి మొహం చూసి నాకే నవ్వొచ్చింది. ఇంకాసేపుంటే మా ఆయన సన్యాసం పుచ్చుకున్నాడని ఊరంతా చెప్పేసేవాడు. ఏమీ కొనకుండా ఇంటికి వచ్చేశాను. పెళ్ళి పందిట్లో నల్లపంచె కట్టుకున్న పురోహితుణ్ణి ఎవరు రానిస్తారు అని దారిలో తట్టింది. అప్పుడు తెలిసింది, నేను కూడా లోపల్లోపల ఆయన మళ్ళీ పెళ్ళిళ్ళకి వెళ్ళాలనే అనుకుంటున్నానని.

ఈలోగా పెళ్ళిళ్ళన్నీ మా మరిది కొడుకు అనంతకృష్ణ చేస్తున్నాడు. పాపం మంచివాడే. ప్రతి పెళ్ళికీ ముందు ఫోను చేసి, "పెదనాన్నా, ఈ సంకల్పం ఎలా చెప్పమంటావు?" అని అడిగేవాడు, తెలిసినా సరే. ఆయన చెప్పేవారు. ఫోను పెట్టేశాక చాలాసేపు కప్పు వైపు చూస్తూ ఉండేవారు.

అప్పుడు వచ్చాడు నారాయణమూర్తి. రాజాం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. వాళ్ళింట్లో పెళ్ళిళ్ళు మా మావగారి కాలం నుంచి మావాళ్ళే చేస్తున్నారు. అరటిపళ్ళ గెల ఒకటి గుమ్మంలో దించి, చెప్పులు విప్పి, మంచం దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"పంతులుగోరూ, మా రాజకుమారి పెల్లి కుదిరినాది. జ్యేష్ఠంలో మీరెప్పుడు పెట్టమంటే అప్పుడే."

"నాకు ఒంట్లో బాగాలేదయ్యా మూర్తీ. మా అనంతకృష్ణ వస్తాడు."

"ఆ బాబు మంచోడే. కాదన్నానా? గానీ మా అమ్మ ఒప్పుకోదు. నా పెల్లి మీరే సేసినారు, నా పిల్ల పెల్లీ మీరే సెయ్యాల. కూకుని నాలుగు మంత్రాలు సదవండి సాలు. మిగతాది మేం సూసుకుంటాం."

ఆయన నా వైపు చూడకుండా, "సరే" అన్నారు.

నారాయణమూర్తి వెళ్ళిపోయాక నేను విరుచుకుపడ్డాను. గొట్టం సంగతి చెప్పారా? అంత దూరం ప్రయాణం ఎలా చేస్తారు? మడి కట్టుకుని ఆ సంచీతో హోమం దగ్గరికి ఎలా వెళ్తారు? ఆయన అన్నీ విని, "ఈ ఒక్కటీ చెయ్యనీ అలివేలూ" అన్నారు. "ఇది చెయ్యగలిగితే ఇంకోటి చెయ్యగలను. ఇది చెయ్యలేకపోతే ఇంక గుమ్మం దాటను. నన్ను పిలవమని కూడా నువ్వు ఎవరికీ చెప్పకు."

గొంతు పెంచకుండా అన్నారు. అందుకే నాకు భయం వేసింది.

మర్నాడు కుట్టుమిషను ముందేసుకున్నాను. మొదట గొట్టం అటూ ఇటూ జారకుండా పాత నూలు గుడ్డతో వదులుగా ఒక పొట్టి లాగు కుట్టాను, రెండు పక్కలా విప్పుకునేలా. తొడ దగ్గర గొట్టం పట్టి ఉండడానికి చిన్న నాడా పెట్టాను. ఇంక సంచీకి తొడుగు. ప్లాస్టిక్కు చెమటకి పిక్కకి అంటుకుని ఎర్రగా కందిపోయేది, అందుకు తొడుగు కావాలి. కానీ అసలు చిక్కు అది కాదు.

"మడి బట్ట కింద మైల కట్టుకుని కూర్చోమంటావా?" అన్నారు.

పెట్టె తీసి, అంచు చిరిగిపోయి మడత పెట్టేసిన నా ఎర్ర పట్టుచీర బయటికి లాగాను. పట్టుకి మైల అంటదని మాకు నమ్మకం. తడపక్కర్లేదు, ఆరెయ్యక్కర్లేదు, ఎప్పుడు కట్టుకున్నా మడే. దాన్ని కత్తిరించి సంచీకి సరిపడా తొడుగు కుట్టాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. "పైన పట్టే. లోపల ఉన్నది ఏవిటి మరి?"

"లోపల ఉన్నది ప్రతి పెళ్ళికొడుకు పొట్టలోనూ ఉంది. ప్రతి పురోహితుడి పొట్టలోనూ ఉంది. మీది పొట్టలోంచి బయటికి వచ్చింది, అంతే తేడా."

ఆయన నవ్వారు. ఆస్పత్రి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకో ఏడుపు వచ్చింది. మిషను కింద దారపు ముక్కలు ఏరుతున్నట్టు కాసేపు వంగి కూర్చున్నాను.

కట్టి చూశాం. పొట్టి లాగు, పిక్కకి పట్టు తొడుగులో సంచీ, పైన మందపాటి నేత పంచె, కుచ్చిళ్ళు సంచీ ఉన్న కాలి వైపుకి కొంచెం ఎక్కువగా. వెనక కచ్చ. హాల్లోంచి వరండాకి, వరండాలోంచి పెరట్లోకి నడిపించాను. కుర్చీలో కూర్చోబెట్టాను. విశాలి వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ఏమీ తెలియడం లేదు నాన్నా" అంది. నేను గెలిచాననే అనుకున్నాను. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, పురోహితుడు పెళ్ళిలో నడవడు, కుర్చీలో కూర్చోడు, పీట మీద మఠం వేసుకుని గంటలకొద్దీ కూర్చుంటాడని.

పెళ్ళినాడు నేనూ కూడా వెళ్ళాను. పగటి ముహూర్తం. మమ్మల్ని చూసి నారాయణమూర్తి, "అమ్మగోరు కూడా వచ్చినారు, మా పిల్ల అదురుష్టం" అన్నాడు. పురోహితుడి పెళ్ళాం పెళ్ళికి రావడం మాలో లేదు. ఆడవాళ్ళ మధ్య నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పక్కన నారాయణమూర్తి తల్లి దాలమ్మ, చెవుల నిండా బంగారం, నోటి నిండా మాటలు. పుట్టిల్లు ఎక్కడ, ఇల్లు ఎక్కడ, కోడలు ఉందా అని అడుగుతూనే ఉంది. నేను పందిట్లోకి చూస్తూనే ఉన్నాను.

గణపతి పూజ బాగానే జరిగింది. గొంతు పాత గొంతే. మైకు పక్కకి నెట్టేశారు. పెళ్ళిపిల్ల రాజకుమారి బుట్టలో వచ్చింది, కన్యాదానం అయింది. ఎవరో మజ్జిగ ఇస్తే వద్దన్నారు. నీళ్ళిస్తే వద్దన్నారు. పందిట్లో ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయి. 

జీలకర్ర బెల్లం దగ్గర నాకు అర్థమైంది. ఆయన మంత్రం తొందరగా చదువుతున్నారు. జీవితంలో ఎప్పుడూ తొందరపడని మనిషి. ఎంత గొప్పవాళ్ళు తొందర పెట్టినా, ముహూర్తం నాది, భోజనం మీది అనేవారు. ఇప్పుడు మాట మీద మాట ఎక్కిపోతోంది. నుదుటి మీంచి చెమట కారి కళ్ళలో పడుతోంటే తుడుచుకోవడం లేదు. ఎడమ చెయ్యి పొత్తికడుపు మీద ఉంది. గొట్టం ఎక్కడో నొక్కుకుపోయింది. ఎక్కడో ఏమిటి, నాకు కళ్ళ ముందు కనబడింది. మఠం వేసుకున్న కాళ్ళ మధ్య, బిగించి దోపిన కచ్చ కింద. ఆ కచ్చని పొద్దున్న నా చేత్తోనే సర్దాను.

లేచి పందిట్లోకి వెళ్ళాను. పురోహితుడి పెళ్ళాం పీటల దగ్గరికి వచ్చిందని నలుగురూ చూశారు. అక్షింతల పళ్ళెం అందిస్తున్నట్టు వంగి, "కచ్చ తీసెయ్యండి" అన్నాను.

"ముహూర్తం" అన్నారు. ఆ ఒక్క మాటే.

మళ్ళీ వచ్చి కూర్చున్నాను. దాలమ్మ నా మొహం చూసి మాటలు ఆపేసింది. తాళి కట్టించారు. మూడు ముళ్ళకీ మూడుసార్లూ గొంతెత్తి చదివారు, మూడోసారి గొంతు బీటలు వారింది. బాజాలు మోగాయి. తలంబ్రాలు మొదలయ్యాయి. పిల్లలూ పెద్దలూ కేకలు, నవ్వులు. అందరూ పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ చూస్తున్నప్పుడు ఆయన లేవబోయి లేవలేకపోయారు. నేను వెళ్ళేలోపే నారాయణమూర్తి చంక కింద చెయ్యి వేసి లేపాడు.

"ఏటండి, ఏటయినాది?"

"పెరట్లోకి తీసుకెళ్ళు నాయనా" అన్నాను నేను.

పశువుల శాల వెనక రాతి గట్టు మీద కూర్చోబెట్టాడు. నేను ఆయన వెనక్కి వెళ్ళి కచ్చ లాగేశాను. కుచ్చిళ్ళు వదులు చేశాను, గొట్టం పక్కనించి కారి లోపలి లాగూ పంచే తడిసి ఉన్నాయి. గొట్టం మడత విప్పాను. కాసేపటికి సంచీలోకి రావడం మొదలైంది. ఆయన కళ్ళు మూసుకున్నారు.  నారాయణమూర్తి పట్టు తొడుగునీ, గొట్టాన్నీ, నన్నూ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. దాచడానికి ఇంక నాకు ఓపిక లేదు.

"మూత్రం గొట్టం. ఆస్పత్రిలో పెట్టారు" అన్నాను.

"ఎన్నాల్నించి?"

"చైత్రం నించి."

"మరి సెప్పరేటమ్మా" అన్నాడు. కోపంగానే అన్నాడు.

ఆయన కళ్ళు తెరిచి, "మిగతాది చేయించలేను మూర్తీ" అన్నారు. "అనంతకృష్ణకి ఫోను చెయ్యి. రాజాం దగ్గరే ఎక్కడో ఉంటాడు. ఇలా మైలపడి నేను ఏడడుగులు వేయించలేను."

"మైలపడితే తానం సేస్తారు. దానికేటి?" అన్నాడు నారాయణమూర్తి. "నా పిల్ల పెల్లి సగంలో వదిలేసి ఎలిపోతారేటి?" అని, పెరట్లో ఉన్న ఆడవాళ్ళని ఇంట్లోకి తోలేశాడు. బోరు మోటారు వేసి బిందె నింపుకొచ్చాడు. ఆయన్ని అలా గట్టు మీద కూర్చోబెట్టే తల మీంచి పోశాడు. ఒక బిందె, ఇంకో బిందె. పెళ్ళికూతురు తండ్రి, కొత్త బట్టలతో, మోకాళ్ళ దాకా తడిసిపోయి. ఆయన చేతులు జోడించి కూర్చున్నారు. సంచీ పక్కన గట్టు మీంచి కిందికి వేలాడుతోంది.

పురోహితుడికి ఇవ్వడానికి పళ్ళెంలో పెట్టిన పంచెల చాపు నారాయణమూర్తి ముందే పట్టుకొచ్చేశాడు. కొత్తబట్ట మడికి పనికిరాదు, నీళ్ళలో ముంచి తడిగా కట్టుకోవాలి. ముంచి పిండాను. కట్టబోతే అప్పుడు చూశాను. తెల్లటి కొత్త పంచె, తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. లోపలి ఎర్ర పట్టు తొడుగు, దాని పట్టీలు, గొట్టం, అన్నీ అద్దంలోంచి చూసినట్టు కనబడుతున్నాయి. ఆ వైశాఖమంతా నేను కుట్టినదీ విప్పినదీ, ఆయన దుప్పటి కప్పుకుని ఉడికిందీ ఎందుకు?

"కాస్త ఆరనిద్దామా?" అన్నాను.

ఆయన వంగి తన కాలు చూసుకున్నారు. "కనబడనీ" అన్నారు. "కచ్చ పెట్టకు. చుట్టెయ్యి."

అడ్డపంచెలా చుట్టేశాను. నారాయణమూర్తి బుజం పట్టుకుని నడిచారు. పందిట్లోకి రాగానే నవ్వులు కొంచెం తగ్గాయి. నేను తల ఎత్తలేదు. ఎవరు ఎక్కడ చూస్తున్నారో చూడాలనిపించలేదు. నారాయణమూర్తి ఒక ప్లాస్టిక్కు కుర్చీ తెచ్చి హోమగుండం పక్కన వేశాడు.

పెళ్ళికొడుకు వైపు పెద్ద ఒకాయన, నరసింగరావు అని, ఊళ్ళో నలుగురికీ చెప్పే మనిషిట, దాలమ్మకి వరసకి తమ్ముడేనట, లేచి నిలబడ్డాడు. "ఇదేటండి? కచ్చ నేకండా కుర్చీ మీద కూకుని పెల్లి సెయ్యడం ఎక్కడైనా ఉన్నాదేటి? శాస్త్రం ఉండక్కర్లేదా?"

నిజమే, ఉండాలి. కచ్చ లేకుండా కర్మ చెయ్యకూడదని మా ఆయనే అనంతకృష్ణని ఎన్నిసార్లు తిట్టారో నాకు తెలుసు.  ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయారు. ఆ ఒక్క క్షణం ఆయన గుమ్మం దాటని మనిషిలా కనిపించారు.

జవాబు నా పక్కనుంచి వచ్చింది. దాలమ్మ కుర్చీలోంచి లేవలేదు కూడా.

"ఒరే నరసింగరావూ, ఆయన నోటితో సదువుతన్నాడా, పంచితో సదువుతన్నాడా? నా పెల్లిలో ఈయన తండ్రి సదివినాడు. నా కొడుకు పెల్లిలో ఈయన సదివినాడు. ఎవుడి కచ్చా నేను సూడనేదు. ఇయాల నువ్వెందుకు సూస్తన్నావురా?"

పందిరంతా గొల్లుమంది. పెళ్ళికూతురు తల వంచుకుని బుజాలు ఎగరేస్తూ నవ్వింది. నరసింగరావు కూడా మీసం కింద నవ్వుకుని కూర్చున్నాడు. ఆయన గొంతు సవరించుకుని, "నాయనా, అమ్మాయి చిటికెనవేలు పట్టుకో" అన్నారు. ఏడడుగులూ మెల్లగా వేయించారు. ఒక్కో అడుగుకీ అర్థం కూడా చెప్పారు, ఎప్పుడూ చెప్పినట్టే, ఎవరికీ పట్టనంత వివరంగా.

ఇంటికి వచ్చాక ఆయనకి జ్వరం వచ్చింది. నీళ్ళు తాగకపోవడం వల్లే అని డాక్టరు తిట్టాడు, ఈసారి విశాలి వైపు కాకుండా ఆయన వైపే చూసి తిట్టాడు. ఆపరేషన్ మాట అడిగితే, గుండె ఇలాగే ఉంటే గొట్టం ఎప్పటికీ ఉండొచ్చు అన్నాడు. దారిలో ఆటోలో  ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకైతే నిద్ర ముంచుకొచ్చింది, ఆ మాట వినడానికే ఇన్నాళ్ళూ మేలుకుని ఉన్నట్టు.

కబురు మా కంటే ముందు ఊళ్ళోకి వచ్చింది. జ్యేష్ఠంలో మిగిలిన పెళ్ళిళ్ళవాళ్ళు కొందరు అనంతకృష్ణకి ఫోను చేశారు, మాకు చెయ్యలేదు. ఒకరిద్దరు వచ్చి, "మీకు శ్రమ ఎందుకండీ" అన్నారు. శ్రమ గురించి కాదని అందరికీ తెలుసు. ఆషాఢం వచ్చేసింది, ముహూర్తాలు లేవు. మా ఇంట్లో కూడా ఏమీ లేదు. ఆయన వరండాలో కుర్చీలో కూర్చునేవారు, అడ్డపంచెతోనే, దుప్పటి లేకుండా. భారతి వచ్చినా లేచేవారు కాదు. అంతవరకూ మేలే. కానీ గుమ్మం దాటింది లేదు, దాటమని నేను అడిగిందీ లేదు.

ఆషాఢం చివర్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయనకి చెవి కొంచెం మందం, స్పీకరు పెట్టుకుంటారు. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను.

"పెల్లిల్ల పంతులుగోరేనాండి? నా పేరు ధనరాజ్. బొబ్బిలి కాడ మా ఊరు. శ్రావణంలో మా సెల్లి పెల్లి ఉన్నాదండి."

నేను చిక్కుడుకాయలు ఆపాను. ఎవరి ద్వారా తెలిసిందని ఆయన అడగలేదు. ఏ ముహూర్తం అని కూడా అడగలేదు.

"నాయనా, ముందే ఒకటి చెప్తాను, విని అప్పుడు చెప్పు. నాకు మూత్రానికి గొట్టం ఉంది. కాలికి సంచీ కట్టుకుంటాను. నేల మీద కూర్చోను, కుర్చీ వెయ్యాలి. కచ్చ పెట్టను. మీవాళ్ళకి అభ్యంతరం ఉంటే మా అనంతకృష్ణ వస్తాడు, వాడు బాగా చేస్తాడు."

సంచీ అన్న మాట ఆయన నోటివెంట నేను వినడం అదే మొదటిసారి. ఇంతకాలం 'అది' అనేవారు, లేకపోతే చేత్తో చూపించేవారు.

అవతల చప్పుడు లేదు. పెట్టేశాడేమో అనుకున్నాను. ఇంకో ఇల్లు పోయిందన్నమాట అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నారు, ఫోను చెవి దగ్గర్నుంచి దించారు.

"ఉన్నాను పంతులుగోరూ" అన్నాడు ధనరాజ్. "అది తెలిసే సేసినానండి. మా నాన్నకీ పెట్టినారు, శివరాత్రి కాడ్నించి. గదిలోంచి బయటికి రావడం నేదు. కూతురి పెల్లి పీటల మీద కూకోనంతన్నాడు. పందిట్లోకి కూడా రాడంట. ఏటి కట్టుకుని రావాల్రా, ఎలగ కూకోవాల్రా అని ఒకటే గోల. మీరు పెల్లి సేయించినారని రాజాంలో సెప్తే విన్నానండి."

 

ఆయన కాలు సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"మీ నాన్నగారికి ఫోను ఇయ్యి."

అడుగుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కొడుకు ఏదో బతిమాలుతున్నాడు. చాలాసేపటికి ఒక ముసలి గొంతు, విసుగ్గా, "ఎవులు?" అంది.

"పంతుల్నండీ, విజయనగరం నుంచి. మీ అమ్మాయి పెళ్ళి నేనే చేయిస్తున్నాను." కాస్త ఆగారు. "మీకున్నట్టే నాకూ ఉందండీ. ఏం కట్టుకోవాలో చెప్తాను, వినండి."